దినబత్తెం – జీతమా, ఖర్చా?
(అమెరికా ట్రక్కు డ్రైవర్ల వేతనం, పన్నులపై ఒక పరిశీలన)

శ్రమకు ప్రతిఫలంగా ఇచ్చేది వేతనం. ఆ శ్రమ కొరకు ఇల్లు విడిచి దూరప్రాంతం వెళ్ళినవానికి అన్నపానాల నిమిత్తం ఇచ్చేది బత్తెం. ఈ రెండింటికి గల భేదం పైకి అల్పంగానే కనిపిస్తుంది. యజమాని చేతినుండి వచ్చే డబ్బు డబ్బే గదా, దానికి ఏ పేరు పెడితే నేమి అని సామాన్యులు అనుకోవడం సహజం. కాని పన్ను విధించే నాడు, ప్రమాదం సంభవించిన నాడు, వార్ధక్యంలో పింఛను నిర్ణయించే నాడు ఆ పేరునుబట్టియే లెక్క మారిపోతుంది. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులు ఈ విషయాన్ని చక్కగా గ్రహించడానికి అమెరికా సంయుక్త రాష్ట్రాల ట్రక్కు డ్రైవర్లకు చెల్లించే “పర్ డియమ్” పద్ధతి మంచి ఉదాహరణ.

“పర్ డియమ్” అనేది లాటిన్ మాట. “రోజుకు ఇంత” అని దాని భావం. మన భాషలో దినబత్తెం అనే పాతమాట దీనికి సరిగ్గా సరిపోతుంది. లారీ డ్రైవర్ల నోట అది బత్తా. మన కళాశాలలోని ఉర్దూ మిత్రులకు అది భత్తా. మాటలు వేరైనా భావం ఒక్కటే. ఇటువంటి చెల్లింపు కొంతకాలం సాగితే దానిని పుచ్చుకొనేవారు తమ జీతంలో భాగంగానే భావించడం మొదలుపెడతారు. బెంగాలులోని ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారులకు “రెట్టింపు బత్తా” చెల్లుతూ ఉండేది. 1766లో రాబర్ట్ క్లైవ్ దానిని రద్దు చేయగా ఆ అధికారులు మూకుమ్మడిగా రాజీనామాలకు సిద్ధపడ్డారు. బత్తా అన్నది ఖర్చు నిమిత్తం ఇచ్చేదే తప్ప జీతం కాదని కంపెనీ వాదన. అది తమ హక్కని అధికారుల వాదన. రెండున్నర శతాబ్దాలు గడచినా ఈ వివాదానికి మూలమైన ప్రశ్న మాత్రం పాతబడలేదు.

డ్రైవరు పని, కూలి పద్ధతి

అమెరికాలో దూరప్రయాణపు ట్రక్కు నడిపేవారిలో చాలామందికి నెల జీతం గాని గంటల కూలి గాని ఉండదు. నడిపిన మైలుకు ఇన్ని సెంట్లని లెక్కకట్టి వారానికొకసారి చెల్లిస్తారు. మైలు అనగా సుమారు 1.6 కిలోమీటర్లు. సరుకు ఎక్కించే చోట గంటల తరబడి నిరీక్షించినా, బండి కదలనిదే చాలాచోట్ల కూలి పుట్టదు. ప్రభుత్వ నియమం ప్రకారం డ్రైవరు పనిలోకి దిగిన 14 గంటల వ్యవధిలో 11 గంటలకు మించి బండి నడపకూడదు. ఆపైన వరుసగా 10 గంటల విశ్రాంతి తప్పనిసరి. ఆ విశ్రాంతి ఇంటి వద్ద కాదు. ట్రక్కు వెనుక భాగంలోని ఇరుకైన పడకపైన, రహదారి ప్రక్కనున్న ట్రక్ స్టాపులో. అక్కడి భోజనశాలలో తినాలి, అక్కడి స్నానశాలలో స్నానం చేయాలి. వారాల తరబడి ఇల్లు చూడనివారు ఎందరో ఉన్నారు.

ఇంటిలో వండుకొని తినేవానికంటె ఇటువంటివానికి తిండి ఖర్చు అధికమని వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్యోగం నిమిత్తం అనివార్యంగా అయిన ఈ ఖర్చును ఆదాయంగా పరిగణించి పన్ను వేయడం న్యాయం కాదన్నది అమెరికా పన్ను చట్టం అంగీకరించిన సూత్రం. పర్ డియమ్ అనే ఏర్పాటు ఆ సూత్రంనుండి పుట్టినదే.

చట్టం ఏమంటుంది?

ఈ రాయితీకి మొదటి షరతు ఇంటికి దూరంగా ఉండడం. ప్రొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరుకొనే డ్రైవరుకు ఇది వర్తించదు. నిద్రకు గాని విశ్రాంతికి గాని మధ్యలో ఆగవలసినంత దీర్ఘమైన ప్రయాణం కావాలి. అమెరికా సుప్రీంకోర్టు 1967లో కోరెల్ అనే ఒక సంచార వర్తక ప్రతినిధి వ్యాజ్యంలో ఈ నియమాన్ని స్థిరపరచింది. తెల్లవారుజామున బయలుదేరి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరే ఆ ఉద్యోగి, దారిలో తిన్న తిండి ఖర్చును పన్ను లెక్కలో తగ్గించుకోరాదని న్యాయస్థానం తీర్పు చెప్పింది.

రెండవ షరతు మరింత విచిత్రంగా తోస్తుంది. ఇంటికి దూరంగా ఉండాలంటే ముందు ఇల్లంటూ ఉండాలి. ఉన్న ఇల్లు వదులుకొని ట్రక్కులోనే కాపురముండే డ్రైవర్లు అక్కడ కొందరున్నారు. అద్దె మిగులుతుందని వారి ఆలోచన. కాని చట్టం దృష్టిలో అటువంటివాడు ఎక్కడ ఉంటే అదే అతని ఇల్లు. అందువలన అతడు ఎన్నడూ ఇంటికి దూరంగా ఉన్నట్లు కాదు. రాయితీయును లేదు.

మూడవది పరిమితి. రవాణా రంగంలో పనిచేసేవారికి భోజనాదులకై రోజుకు ఇంత అని అక్కడి పన్ను శాఖ ఒక ప్రత్యేక మొత్తాన్ని ప్రకటిస్తూ ఉంటుంది. అది 2018 అక్టోబరు 1 నుండి 66 డాలర్లు, 2021 అక్టోబరు 1 నుండి 69 డాలర్లు, 2024 అక్టోబరు 1 నుండి 80 డాలర్లు అయింది. 2025 అక్టోబరులోనూ ఆ 80 డాలర్లనే కొనసాగించారు. ఈ పరిమితికి లోబడినంతవరకు ప్రతి భోజనానికి రసీదు చూపనక్కరలేదు. ఏ రోజున ఏ ఊరిలో ఏ పనిమీద ఉన్నదీ చూపితే చాలును. ఈ కాలపు ట్రక్కులలో పనిగంటలను నమోదుచేసే ఎలక్ట్రానిక్ యంత్రాలు ఉన్నందున ఆ సాక్ష్యం సులభంగా లభిస్తుంది.

ఇక కంపెనీ ఇచ్చే బత్తెంపై పన్ను పడకుండా ఉండాలంటే ఆ కంపెనీ లెక్క చెప్పదగిన పద్ధతిని అనుసరించాలి. ఖర్చు వ్యాపార సంబంధమైనదై ఉండడం, దానికి తగిన ఆధారం చూపడం, పరిమితికి మించి తీసుకొన్నది తిరిగి ఇవ్వడం అనే మూడూ ఆ పద్ధతికి లక్షణాలు. మించినది తిరిగి ఇవ్వకపోతే ఆ భాగం జీతంగా మారి పన్నుకు లోబడుతుంది. లెక్కలు చూడకుండా అలవాటుగా మించి చెల్లించే కంపెనీ విషయంలో మొత్తం బత్తెమే జీతమైపోతుందని పన్ను శాఖ 2006లో స్పష్టం చేసింది.

2018లో వచ్చిన మార్పు

పూర్వం కంపెనీ డ్రైవరుకు రెండు మార్గాలుండేవి. కంపెనీ బత్తెం ఇస్తే పుచ్చుకోవచ్చు. ఇవ్వకపోతే తన తిండి ఖర్చును తానే వార్షిక పన్ను లెక్కలో చూపి కొంత తగ్గింపు కోరవచ్చు. దానికి ఆంక్షలున్నా ఆ హక్కు అతని చేతిలో ఉండేది. 2017లో చేసిన పన్ను చట్టం, 2018 నుండి ఉద్యోగులు తమ సొంత ఖర్చులను ఆ విధంగా తగ్గించుకొనే వీలును 2025 చివరివరకు నిలిపివేసింది. 2025 జులై 4న ఆమోదం పొందిన మరొక చట్టం ఆ నిలుపుదలను శాశ్వతం చేసింది.

దీని ఫలితాన్ని విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. రోడ్డుపై తిన్న తిండికి పన్ను రాయితీ పొందే దారి కంపెనీ డ్రైవరుకు ఇప్పుడు ఒక్కటే: కంపెనీ తనంతట తాను బత్తెం పద్ధతిని ఏర్పరచాలి. కార్మికుని ఆకలికి సంబంధించిన రాయితీ యజమాని నిర్ణయానికి లోబడిపోయింది. బేరమాడే బలం ఎవరి వైపు మొగ్గిందో చెప్పనక్కరలేదు.

చేతికందే లాభం

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాము. పెళ్ళికాని ఒక డ్రైవరు వారానికి 2,500 మైళ్ళ చొప్పున సంవత్సరంలో 50 వారాలు నడుపుతాడని అనుకొందాము. మొత్తం 1,25,000 మైళ్ళు. మైలుకు 60 సెంట్ల చొప్పున అతని సంపాదన 75,000 డాలర్లు. కంపెనీ ఇందులో 48 సెంట్లను జీతంగాను, 12 సెంట్లను బత్తెంగాను విడదీసి చెల్లిస్తే, జీతం 60,000 డాలర్లు, బత్తెం 15,000 డాలర్లు అవుతాయి. అతడు 250 రోజులు రోడ్డుమీద ఉంటే బత్తెం రోజుకు సగటున 60 డాలర్లు. 80 డాలర్ల పరిమితికి లోబడినదే.

2025 సంవత్సరపు రేట్ల ప్రకారం అతనికి 15,750 డాలర్ల ప్రామాణిక తగ్గింపు ఉన్నది. మొత్తం జీతమే అయినపుడు పన్ను పడే ఆదాయం 59,250 డాలర్లు. దానిపై ఫెడరల్ ఆదాయపు పన్ను 7,949 డాలర్లు. బత్తెం విడదీసినపుడు పన్ను పడే ఆదాయం 44,250 డాలర్లు. పన్ను 5,071 డాలర్ల 50 సెంట్లు. ఆదా 2,877 డాలర్ల 50 సెంట్లు. ఇంతేగాక జీతంనుండి సామాజిక భద్రతకు 6.2 శాతం, వృద్ధుల వైద్యనిధికి 1.45 శాతం, వెరసి 7.65 శాతం కోత ఉంటుంది. 15,000 డాలర్లపై ఆ కోత తప్పినందువలన మరి 1,147 డాలర్ల 50 సెంట్లు మిగులుతాయి. రెండూ కలిపి 4,025 డాలర్లు. రాష్ట్ర పన్ను గల చోట మిగులు ఇంకా ఎక్కువ.

అందరికీ ఇంత లాభం ఉండదు. పై ఉదాహరణలో ఆదాయం కొంత 22 శాతం పన్ను మెట్టులో ఉన్నది. భార్యకు సంపాదన లేక ఉమ్మడిగా లెక్క దాఖలుచేసే సంసారి డ్రైవరుకు అదే ఆదాయం 12 శాతం మెట్టును దాటదు. అతనికి ఆదాయపు పన్నులో ఆదా 1,800 డాలర్లు; 7.65 శాతం కోత కలిపితే 2,947 డాలర్ల 50 సెంట్లు. ఎక్కువ పన్ను కట్టేవానికి ఎక్కువ ఆదా, తక్కువ పన్ను కట్టేవానికి తక్కువ ఆదా అన్నది ఇక్కడి సూత్రం.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఇంకొకటి ఉన్నది. ఈ 12 సెంట్లు జీతంపై అదనంగా ఇచ్చినవి కావు. ఉన్న 60 సెంట్లనే రెండు మూటలుగా కట్టారు. కంపెనీ తన పెట్టెలోనుండి ఒక్క సెంటు అదనంగా తీయలేదు. పైగా యజమాని కూడా జీతంపై 7.65 శాతం తన వాటాగా చెల్లించాలి గనుక, అతనికీ ఈ డ్రైవరు విషయంలో 1,147 డాలర్ల 50 సెంట్లు మిగిలాయి. కార్మికుల ప్రమాద బీమాకు కట్టే సొమ్ము కూడా జీతాన్నిబట్టియే నిర్ణయమవుతుంది గనుక అదీ తగ్గవచ్చు.

యజమానికి కొంత నష్టమూ లేకపోలేదు. ఇచ్చిన జీతమంతా వ్యాపార ఖర్చుగా తగ్గించుకోవచ్చు. భోజన బత్తెంలో మాత్రం 80 శాతమే తగ్గించుకోవాలి. కనుక 15,000 డాలర్లలో 3,000 డాలర్లు అతని లాభంలో చేరి, 21 శాతం కంపెనీ పన్ను చొప్పున 630 డాలర్లు అదనంగా కట్టవలసి వస్తుంది. ఈ నష్టమును, లెక్కల నిర్వహణ ఖర్చును కారణంగా చూపి కొన్ని కంపెనీలు బత్తెం కోరిన డ్రైవరుకు మైలుకు ఒకటి రెండు సెంట్లు తగ్గించి ఇస్తాయి. ఒక్క సెంటే గదా అని తీసివేయరాదు. 1,25,000 మైళ్ళకు ఒక్క సెంటు అంటే 1,250 డాలర్లు. మన ఉదాహరణలోని ఒంటరి డ్రైవరుకు నికరంగా మిగిలే 4,025 డాలర్లు ఒక సెంటు కోతతో సుమారు 3,020 డాలర్లకు, రెండు సెంట్ల కోతతో సుమారు 2,016 డాలర్లకు దిగివస్తాయి. యజమాని స్థూలంగా లాభంలోనే ఉంటూ కార్మికుని రాయితీలో వాటా పంచుకోవడం ఎంతవరకు సబబో పాఠకులే ఆలోచించాలి.

చేజారే హక్కులు

పన్ను పడని సొమ్ము జీతం క్రింద లెక్కకు రాదు. లెక్కకు రాని సొమ్ముపై హక్కులు పుట్టవు. డ్రైవరు నేటి మిగులును చూసి మురిసిపోతూ మరచిపోయే విషయం ఇదే.

మొదటిది వార్ధక్యపు పింఛను. ఉద్యోగి జీవితంలో అత్యధికంగా సంపాదించిన 35 సంవత్సరాల జీతాన్ని, దేశంలోని సగటు వేతనాల స్థాయికి సరిపెట్టి, నెల సగటు తీసి దానిపై పింఛను నిర్ణయిస్తారు. ఆ సగటులో మొదటి భాగానికి 90 శాతం, నడిమి భాగానికి 32 శాతం, పైభాగానికి 15 శాతం చొప్పున లెక్క. మన డ్రైవరు నెల సగటు నడిమి భాగంలోనే ఉంటుంది. అతడు 10 సంవత్సరాలు ఇటువంటి బత్తెం పుచ్చుకొంటే పింఛనులో నెలకు సుమారు 114 డాలర్లు తగ్గుతుంది. 35 సంవత్సరాలూ పుచ్చుకొంటే తగ్గేది నెలకు 400 డాలర్లు, అనగా సంవత్సరానికి 4,800 డాలర్లు. 35 సంవత్సరాలలో 7.65 శాతం చొప్పున అతడు మిగుల్చుకొన్నది 40,162 డాలర్లు. పింఛను పుచ్చుకొనడం ఆరంభించిన తరువాత ఎనిమిదిన్నర సంవత్సరాలు గడవకముందే ఆ మిగులంతా కరిగిపోతుంది. ఆపైన బ్రతికినంతకాలం అతనికి నష్టమే. ఆదాయపు పన్నులో మిగిలిన సొమ్మును భద్రంగా దాచుకొన్నవానికి ఈ నష్టం పూడుతుంది. వచ్చినది వచ్చినట్లు ఖర్చుచేసినవానికి పూడదు.

రెండవది అంగవైకల్యం. పని చేయలేని స్థితి వచ్చినపుడు ఇచ్చే ప్రభుత్వ భృతి, డ్రైవరు మరణిస్తే అతని కుటుంబానికి ఇచ్చే భృతి కూడా జీతపు లెక్కనే అనుసరిస్తాయి.

మూడవది ప్రమాద పరిహారం. పనిలో గాయపడినవానికి చాలా రాష్ట్రాలలో సగటు వారపు జీతంలో మూడింట రెండు వంతులు, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి, చెల్లిస్తారు. 1,500 డాలర్ల వారపు జీతానికి అది 1,000 డాలర్లు. బత్తెం తీసివేసిన 1,200 డాలర్ల జీతానికి 800 డాలర్లు. నడుము విరిగి మంచాన పడిన డ్రైవరుకు వారానికి 200 డాలర్ల లోటు చిన్నది కాదు. ఈ లెక్కలో బత్తెాన్ని కలపాలా వద్దా అన్నది రాష్ట్రానికొక తీరుగా ఉన్నది. ఉద్యోగం పోయినపుడు ఇచ్చే నిరుద్యోగ భృతి కూడా జీతాన్నిబట్టియే నిర్ణయమవుతుంది. ఇల్లు కట్టుకోవడానికి అప్పు కోరినపుడు వార్షిక జీతపత్రంలో కనబడే అంకె 60,000 డాలర్లే గాని 75,000 డాలర్లు కాదు.

పై నష్టాలకు తోడు మైలు లెక్కలోని ఒక లోపం కూడా ఉన్నది. పేరు దినబత్తెం; కొలత మాత్రం మైలు. మంచు కురిసి దారి మూసుకుపోయిన నాడు, సరుకు దిగకుండా గోదాము ముందు పడిగాపులు పడిన నాడు బండి నడవదు, బత్తెం రాదు. ఆకలి మాత్రం మైళ్ళ లెక్క చూసుకొని కలగదు గదా! తిండి ఖర్చుకు ఇచ్చే సొమ్మయితే నడిచినా ఆగినా రోజుకు ఒకే తీరుగా ఉండాలి. నడిచిన దూరానికి ఇచ్చే సొమ్మయితే దానిని కూలి అనడమే న్యాయమని తోస్తుంది.

ఒకే సొమ్ము – రెండు పేర్లు

ఈ సందేహం న్యాయస్థానం ముందుకూ వచ్చింది. శిక్షణలో ఉన్న డ్రైవర్లు కొందరు, తమ కంపెనీ బత్తెం పేరిట ఇచ్చిన సొమ్మును తీసివేస్తే మిగిలిన జీతం చట్టబద్ధమైన కనీస వేతనానికి తక్కువగా ఉన్నదని దావా వేశారు. 2018లో ఎనిమిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం వారి వాదాన్ని త్రోసిపుచ్చింది. ఆ బత్తెం చేసిన పనినిబట్టి మారుతున్నది గనుక కనీస వేతనం లెక్కలో అదీ ప్రతిఫలమేనని తీర్పు వచ్చింది.

పర్యవసానం చూడండి. పన్ను అధికారి ముందు అది జీతం కాదు. పింఛను లెక్కలో జీతం కాదు. కనీస వేతనం ఇచ్చారా లేదా అని అడిగినపుడు మాత్రం జీతమే. ఒక్కొక్క చట్టానికి ఒక్కొక్క ఉద్దేశం ఉంటుంది గనుక న్యాయశాస్త్ర రీత్యా ఇందులో వైరుధ్యం లేదని పండితులు చెప్పవచ్చును. అయినా జీతపత్రం చేతబట్టుకొన్న డ్రైవరుకు ఇది అర్థం కావడం కష్టం.

సొంత ట్రక్కు గలవారి మాట

సొంత ట్రక్కు నడుపుకొనేవారి స్థితి వేరు. వారు ఉద్యోగులు కారు, వ్యాపారస్థులు. కనుక 2017 చట్టం వారి హక్కును హరించలేదు. రోజుకు 80 డాలర్ల ప్రామాణిక మొత్తంలో 80 శాతం, అనగా 64 డాలర్లు, తమ వ్యాపార ఆదాయంనుండి తగ్గించుకోవచ్చు. ఇతర వ్యాపారులకు భోజనం ఖర్చులో సాధారణంగా 50 శాతమే దొరుకుతుంది. పనిగంటల నియమాలకు లోబడిన రవాణా రంగం వారికి 2008 నుండి 80 శాతం చెల్లుతున్నది. బయలుదేరిన రోజు, ఇల్లు చేరిన రోజు పూర్తి రోజులు కావు గనుక వాటికి నాలుగింట మూడు వంతులుగా లెక్కకట్టే పద్ధతి ఉన్నది. అప్పుడు 60 డాలర్లలో 80 శాతం, అనగా 48 డాలర్లు. సంవత్సరంలో 250 పూర్తి రోజులు రోడ్డుమీద గడిపినవానికి మొత్తం తగ్గింపు 16,000 డాలర్లు. ఇక్కడ ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కరలేదు. రోజుల లెక్క సక్రమంగా వ్రాసిపెట్టుకొంటే చాలును. అయితే పన్ను పడే ఆదాయం తగ్గినకొద్దీ రేపటి పింఛను తగ్గడమన్న సూత్రం మాత్రం వీరికీ తప్పదు.

మన దేశపు చట్టం

జీతాన్ని ముక్కలుగా విడదీసి వేర్వేరు పేర్లు పెట్టడం మన దేశానికి కొత్త కాదు. మూలవేతనం తక్కువగా చూపి, మిగిలినది రకరకాల భత్యాలుగా చెల్లించి భవిష్యనిధి వాటాను తగ్గించుకొనే పద్ధతి ఇక్కడ చిరకాలం సాగింది. ఒక తరగతి ఉద్యోగులందరికీ సర్వసాధారణంగా ఇచ్చే భత్యాలు మూలవేతనంలో భాగమేనని, వాటిపైన కూడా భవిష్యనిధి కట్టాలని మన సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన 2019 వేతనాల కోడు మరొక అడుగు ముందుకు వేసింది. ఉద్యోగ స్వభావాన్నిబట్టి అయ్యే ప్రత్యేక ఖర్చులకు ఇచ్చే సొమ్ము వేతనం కాదని అంగీకరిస్తూనే, ఇటువంటి మినహాయింపులు మొత్తం ప్రతిఫలంలో సగానికి మించితే ఆ మించిన భాగాన్ని వేతనంగానే పరిగణించాలని విధించింది. అమెరికాలో రోజుకు ఇన్ని డాలర్లని హద్దు; మన కోడులో మొత్తంలో సగమని హద్దు. ఒకటి పన్ను ఎగవేత జరగకుండా చూస్తుంది. రెండవది కార్మికుని హక్కు తరిగిపోకుండా చూస్తుంది.

అయితే చట్టం సహాయపడాలంటే ముందు కాగితంపై జీతమంటూ ఉండాలి. మన తెలుగు జిల్లాల రహదారులపై లారీ నడిపేవారిలో ఎందరికో నియామక పత్రం లేదు. ట్రిప్పుకు ఇంతని చేతిలో పెట్టే బత్తా తప్ప భవిష్యనిధి పుస్తకం లేదు. వారి విషయంలో బత్తా, జీతం కలిసిపోయి ఏది ఎంతో వారికే తెలియని స్థితి ఉన్నది. అమెరికా డ్రైవరుకు కనీసం రెండు పద్దులు వేరువేరుగా కనబడతాయి.

ఏమి చేయాలి?

ఇంతకూ బత్తెం మంచిదా, చెడ్డదా? రోడ్డుమీద తినే తిండికి పన్ను మినహాయింపు ఉండడం న్యాయమైనదే. దానిని పుచ్చుకోవడం తప్పు కాదు. యౌవనంలో అప్పుల భారంతో ఉన్నవానికి వారంవారం చేతికి వచ్చే ఎక్కువ సొమ్ము నిజమైన ఆసరా. పింఛనుకు దగ్గరపడిన వయస్సులో, వెనుకటి సంవత్సరాలలో సంపాదన తక్కువగా ఉన్నవానికి జీతం పూర్తిగా జీతంగానే ఉండడం మేలు. ఇల్లు కొనదలచినవాడు ముందు ఒకటి రెండు సంవత్సరాలు ఆలోచించుకోవాలి. ఎవరి స్థితినిబట్టి వారికి నిర్ణయం మారుతుంది. అందుచేత ఈ పద్ధతిని ఎన్నుకొనే హక్కు డ్రైవరు చేతిలో ఉండాలి గాని ఉద్యోగంలో చేరిన నాడే అందరికీ ఒకే త్రాసు పట్టరాదు.

సంతకం చేయబోయే ముందు డ్రైవరు అడగవలసిన ప్రశ్నలు నాలుగే. బత్తెం కలిపిన తరువాత మైలుకు మొత్తం ఎన్ని సెంట్లు? బత్తెం లేకపోతే ఎన్ని? ప్రమాదం జరిగితే పరిహారం ఏ అంకెపై కడతారు? కావలసినపుడు ఈ పద్ధతి నుండి బయటపడవచ్చునా? ఈ నాలుగింటికి వ్రాతపూర్వకమైన సమాధానం ఉంటే మోసపోవడానికి తావు తక్కువ.

మన విద్యార్థులలో అనేకులు రేపు లెక్కల గుమాస్తాలుగాను, ఆడిటర్లుగాను, కంపెనీ అధికారులుగాను పనిచేయబోతున్నారు. కొందరు లారీ యజమానుల ఇండ్లనుండి, కొందరు లారీ డ్రైవర్ల ఇండ్లనుండి వచ్చినవారే. జీతపు పట్టికలో ఒక మొత్తాన్ని ఒక గడినుండి మరొక గడికి మార్చడం కలంతో చేసే చిన్న పని. ఆ పని చేసేటపుడు ఆ గడి వెనుక ఒక మనిషి యొక్క రేపటి పింఛను, అతని కుటుంబపు భృతి ఉన్నవని తెలిసి చేయాలి. ఆ సంగతి అతనికి అర్థమయ్యే భాషలో చెప్పి చేయాలి. గణకశాస్త్రం చదివినవారు సమాజానికి చేయగలిగిన సేవలలో ఇది తక్కువది కాదు.